మీ చిన్నారి చేతికి సూదీ దారం

వేసవి సెలవులు వచ్చాయంటే తల్లులకు పెద్ద పరీక్షే. ఎండకు బయటికి పంపలేం, ఇంట్లో ఉంటే సెల్‌ఫోను వదలరు. పొద్దున లేచింది మొదలు "అమ్మా, ఏం తోచట్లేదే" అంటూ కొంగు పట్టుకు తిరుగుతారు. సరిగ్గా అలాంటప్పుడే మీరు ఫ్రేము ముందు పెట్టుకుని ఏ దిండు గలీబు మీదో పువ్వు కుడుతూ కూర్చున్నారనుకోండి, ఆ పిల్ల మెల్లగా పక్కన చేరి "నేనూ కుడతా, నాకియ్యవా?" అంటుంది. చాలామంది తల్లులు "అమ్మో, గుచ్చుకుంటుంది, పెద్దయ్యాక నేర్చుకుందువుగానిలే" అని పంపేస్తారు. కానీ నేర్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. పెద్దయ్యాక ట్యూషన్లు, పరీక్షలు వచ్చిపడతాయి. అప్పుడు మనం పిలిచినా వాళ్ళకి తీరికుండదు.

ఏ వయసులో మొదలుపెట్టాలి అని అడుగుతారు. నా ఉద్దేశంలో ఐదున్నర, ఆరేళ్ళు వస్తే చాలు. అయితే వయసు కన్నా చేతులు చూసి చెప్పడం తేలిక. మీ పాప తన గౌను బొత్తాలు తనే పెట్టుకుంటోందా? బొమ్మల పుస్తకంలో గీత దాటకుండా కాస్తో కూస్తో రంగు వెయ్యగలుగుతోందా? పది నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చుంటోందా? అయితే సూది పట్టగలదు. లేదూ, ఇంకో ఆరు నెలలు ఆగండి, కొంప మునిగేదేం లేదు.

అసలు మన ఇళ్ళల్లో పిల్లలకి సూది కొత్త వస్తువేం కాదు. దసరాకి గుమ్మాలకు కట్టే బంతిపూల దండ గుచ్చేది ఎవరు? పక్కన చేరిన పిల్లలే కదా. పారిజాతాలు ఏరుకొచ్చి దారానికి ఎక్కించేదీ వాళ్ళే. వెనకటి రోజుల్లో మోదుగాకులు ముందేసుకుని అమ్మమ్మలు విస్తళ్ళు కుడుతుంటే, చిన్న చిన్న పుల్లలు విరిచి అందిస్తూ, మధ్య మధ్య తామూ ఒక ఆకు కుడుతూ నేర్చుకున్నవాళ్ళు మనలోనే ఎందరో ఉన్నారు. పైనుంచి గుచ్చి, కిందనుంచి తీసి, మళ్ళీ పైకి తేవడం! ఎంబ్రాయిడరీకి మూలం కూడా అదే. అందుకని మొట్టమొదటి పాఠం గుడ్డ మీద వద్దు. ఓ గుప్పెడు బంతిపూలు ఇచ్చి దండ గుచ్చమనండి. సూదిని ఏ వేళ్ళతో పట్టుకుంటోందో, ఎటు తోస్తోందో మీకే తెలిసిపోతుంది.

శుభలేఖతో రెండో పాఠం

పాత పెళ్ళి శుభలేఖలు ప్రతి ఇంట్లో ఓ కట్ట ఉంటాయి. వాటిలో మందంగా ఉన్న అట్ట ఒకటి తీసుకోండి. దాని వెనక పెన్సిలుతో మామిడిపిందె బొమ్మో, చేపో పెద్దదిగా గీయండి. ఆ గీత పొడుగునా అర అంగుళానికి ఒకటి చొప్పున దబ్బనంతో చిల్లులు పెట్టండి. ఈ పని మాత్రం మీరే చెయ్యాలి, దబ్బనం పిల్లల చేతికివ్వకూడదు. ఇప్పుడు పాపకి మొండి మొన సూదిలో ఊలు దారం ఎక్కించి ఇవ్వండి. ఒక చిల్లులోంచి పైకి, పక్క చిల్లులోంచి కిందికి. చివరిదాకా వెళ్ళాక అదే దారితో వెనక్కి వస్తే మధ్యలో వదిలిన ఖాళీలు కూడా నిండి బొమ్మంతా గీత గీసినట్టు వస్తుంది. అట్ట గట్టిగా ఉంటుంది కనుక గుడ్డలా ముడుచుకుపోదు, దారం బిగించి లాగినా బొమ్మ చెడదు. రెండు మూడు అట్టలు కుట్టేసరికి చెయ్యి తిరుగుతుంది. మీ ఇంట్లో సూది ఇవ్వడానికి మరీ భయపడే పెద్దవాళ్ళుంటే, బూటు లేసు ఇచ్చి కాస్త పెద్ద చిల్లుల్లోంచి కుట్టించండి. దాని కొస గట్టిగా ఉంటుంది కదా, అదే సూది.

మొండి మొన సూదులంటే మ్యాటీ క్లాత్ మీద కుట్టడానికి వాడేవి. కుట్టు సామాన్ల షాపులో 'మ్యాటీ సూది' అంటే ఇస్తారు. మొన గుండ్రంగా ఉంటుంది, బెజ్జం పొడుగ్గా ఉంటుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. చిన్నపిల్ల కదా అని పెద్ద నంబరు అడిగితే సన్నపు సూది ఇచ్చేస్తారు, అది వాళ్ళ వేళ్ళలో నిలవదు. 18 లేదా 20 నంబరు తీసుకోండి.

దారం ఎంత తీసుకోవాలో పాపకే నేర్పొచ్చు. పూలమ్మి మూర కొలిచి ఇవ్వడం చూసే ఉంటుందిగా, అలాగే తన మోచేతినుంచి వేలి కొసదాకా కొలుచుకోమనండి. మన మూర కాదు, దాని మూర. దారం అంతకన్నా పొడుగుంటే లాగడానికి చెయ్యి చాలదు, చిక్కుపడుతుంది, పాపకి ఏడుపొస్తుంది. ఇంకో ఇబ్బంది, పిల్లలు లాగేటప్పుడు సూదిలోంచి దారం ఊడిపోతూనే ఉంటుంది. ప్రతిసారీ "అమ్మా, ఎక్కించవే" అని పిలుపు! దీనికి ఉపాయం, రెండు మూరల దారం తీసుకుని సూదిలో దోపి, రెండు కొసలూ కలిపి ముడేసి ఒక మూర చెయ్యడమే. ఇక ఊడమన్నా ఊడదు.

ఎంబ్రాయిడరీ దారం లడి సాధారణంగా 8 మీటర్లుంటుంది, అందులో ఆరు పోగులు కలిసి ఉంటాయి. మనమైతే పోగులు విడదీసి రెండో మూడో వాడతాం. పిల్లలకి విడదీయకుండా ఆరూ ఉంచేయండి, కుట్టు లావుగా కనబడుతుంది, చూసుకుని మురుస్తారు. ఈ ఆరు పోగుల దారానికి రెండు పేటలు చెయ్యక్కర్లేదు. బెజ్జం దగ్గర ఒక ముడి వేసేస్తే సరి. విడిగా అమ్మే చవక రకం దారాలు కొన్ని రంగు దిగుతాయి. ముందుగా తడి తెల్లగుడ్డతో దారాన్ని ఒకసారి గట్టిగా పట్టి చూడండి. గుడ్డకి రంగు అంటిందా, ఆ దారం అట్టల మీద కుట్టడానికే పనికొస్తుంది.

గుడ్డ మంచిదైతే సగం పని అయినట్టే

పాత మెత్తటి వాయిల్ చీర ముక్కలిచ్చి నేర్చుకోమంటారు కొందరు. పాపం, ఆ గుడ్డ ప్రతి కుట్టుకీ ముడతలు పడి కుచ్చెళ్ళయిపోతుంది. బనీను గుడ్డ సాగిపోతుంది. శాటిను, పాలియెస్టరు చేతిలో జారిపోతాయి. మొదట కొనాల్సింది మ్యాటీ క్లాతే. దాని నేతలోనే వరసగా చిన్న చిన్న కన్నాలుంటాయి, సూది ఎక్కడ గుచ్చాలో గుడ్డే చెబుతుంది. ఆ తర్వాత పావు అంగుళం గళ్ళున్న నూలు గుడ్డ. ఒక గడిలో కుట్టు, ఒక గడి ఖాళీ. గీత గీయక్కర్లేదు, కార్బన్ కాగితం అక్కర్లేదు, కుట్లన్నీ ఒకే కొలతలో వస్తాయి. గళ్ళ లుంగీ ముక్క ఉన్నా సరిపోతుంది, కాకపోతే కొంచెం గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యండి.

ఫ్రేము 5 అంగుళాలది చాలు. మీరు వాడే 8 అంగుళాల ఫ్రేము ఇస్తే మధ్య దాకా పాప వేళ్ళు అందవు. లోపలి వలయానికి పాత మల్లుగుడ్డ పేలిక సన్నగా చుట్టి కుట్టేస్తే గుడ్డ జారకుండా పట్టుకుంటుంది. పని ఆపినప్పుడల్లా గుడ్డ ఫ్రేములోంచి తీసేయండి, లేకపోతే గుండ్రంగా మచ్చ పడి ఉతికినా ఓ పట్టాన పోదు.

ఫ్రేముతో మొదటి రోజుల్లో రెండు తమాషాలు తప్పవు. ఒకటి, కిందినుంచి పైకి రావాల్సిన సూది ఫ్రేము అంచు మీదుగా చుట్టి వస్తుంది. రెండోది, ఒళ్ళో పెట్టుకు కుట్టి, లేవబోతే గౌను కూడా ఫ్రేముతో పాటు లేస్తుంది! కోప్పడకండి. మా చెల్లెలి కూతురు రెండుసార్లు అలా గౌనుకి కుట్టేసుకుంది. ఒడిలో పీట పెట్టి, దాని మీద ఫ్రేము అంచు ఆనించమన్నాక మళ్ళీ అలా జరగలేదు.

బొమ్మల విషయానికొస్తే, పుస్తకాల్లోంచి గులాబీలు, నెమళ్ళు దింపి ఇవ్వకండి. మన పిల్లలకి చుక్కల ముగ్గు తెలుసు. నాలుగు చుక్కలు నాలుగు వరసలు పెన్సిలుతో పెట్టి ఇచ్చి, చుక్క నుంచి చుక్కకి కుట్టమనండి. పడమటిల్లు తుడిచి పెట్టినంత తేలిగ్గా చేస్తారు. గీతల ముగ్గు వస్తే తర్వాత మెలికల ముగ్గు. లేకపోతే పిల్ల తనే ఒక బొమ్మ గీసుకుంటానంటే అంతకంటేనా! మా చెల్లెలి కూతురు మామిడికాయ గీసింది, కుట్టేసరికి అది గుమ్మడికాయలా తేలింది. "గుమ్మడికాయేలే పెద్దమ్మా" అని పేరు మార్చేసి దానికో తీగ కూడా కుట్టింది.

ఏ కుట్టు ముందు?

దూరం దూరంగా వేసే ముందుకుట్టు, అదే రన్నింగ్ స్టిచ్, మొదటిది. మన నాయనమ్మలు పాత చీరలు నాలుగు మడతలేసి బొంత కుట్టిన కుట్టు ఇదే. బెంగాల్లో దీనితోనే కాంథా అనే పని చేస్తారు. పాత చీరలు దొంతరగా పేర్చి, ఆ చీరల అంచుల్లోంచే రంగు పోగులు లాగి, పువ్వులు, ఏనుగులు, రథాలు అన్నీ ఈ ఒక్క కుట్టుతోనే నింపేసేవారు. కాబట్టి "ఇంతేనా, ఇది సులువు" అని పిల్ల పెదవి విరిస్తే ఈ సంగతి చెప్పండి.

ముందుకుట్టు ఒక వరస పూర్తయ్యాక ఇంకో రంగు దారం తీసుకుని, గుడ్డలో గుచ్చకుండా ఒక్కో కుట్టు కిందనుంచీ దూర్చి చుట్టుకుంటూ వెళ్ళమనండి. రెండు రంగుల తాడు పేనినట్టు వస్తుంది. గుచ్చే పని లేదు గనక త్వరగా అయిపోతుంది, చూడ్డానికేమో చాలా కుట్టినట్టుంటుంది. పిల్లలకి దీనంత ఇష్టమైన కుట్టు నేను చూడలేదు.

ఆ తర్వాత వెనక కుట్టు, కాడ కుట్టు. కాడ కుట్టుకి ఒక్కటే సూత్రం, దారం ఎప్పుడూ గీతకి ఒకే పక్కన ఉండాలి. ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోనిస్తే కాడ విరిగినట్టుంటుంది. గొలుసు కుట్టు ఏడెనిమిదేళ్ళకి నేర్పొచ్చు. వేసిన దారాన్ని బొటనవేలితో నొక్కిపట్టి, సూదిని బయటికొచ్చిన చోటే మళ్ళీ దించి, ముందుకి తీసి, సూది మొన కింద దారం ఉండేలా లాగాలి. గొలుసు వచ్చిందంటే లేజీ డేజీ వచ్చినట్టే. ఒక్క లంకె వేసి కొసన చిన్న కుట్టుతో ఆపితే అదే ఒక రేకు. సాటిన్ కుట్టు, ఫ్రెంచ్ నాట్ మాత్రం తొందరపడొద్దు. సాటిన్ పక్కపక్కనే ఒత్తుగా రావాలి, అంత ఓపిక ఆ వయసులో ఉండదు. ఇప్పుడు అందరూ మగ్గం వర్కు జాకెట్లు వేస్తున్నారు కదా అని "మా పాపకి అదే నేర్పిస్తాను" అనకండి. ఆరీ సూదికి కొక్కెం ఉంటుంది, చాలా వాడి. అదంతా చెయ్యి కుదిరాకే.

నేర్పేటప్పుడు ఎదురుగా కూర్చోకండి. ఎదురుగా ఉంటే మీ కుడి పాపకి ఎడమవుతుంది, అంతా తిరగబడి కనిపిస్తుంది. పక్కన, ఒకే వైపు చూస్తూ కూర్చోండి. మీ పాప ఎడమచేతి వాటం అయితే మాత్రం ఎదురుగానే కూర్చోవాలి. అప్పుడు అద్దంలో చూసినట్టు చూసి చేసేస్తుంది. అంతేగాని చెయ్యి మార్పించే ప్రయత్నం చెయ్యకండి.

రోజుకి పావుగంట చాలు. పిల్ల "ఇంకాసేపు" అంటుండగానే ఆపేయాలి, విసుగొచ్చి పారేసేదాకా ఉండకూడదు. పగటి వెలుతురులోనే కూర్చోండి. తలకి నూనె రాసిన వెంటనే వద్దు, జంతికలు తిన్న చేత్తో అసలే వద్దు.

రాత్రిపూట విప్పేసే తల్లులు

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది చెబుతాను. సూది, దారం, గుడ్డ అన్నీ సరిగ్గా ఉన్నా చాలామంది పిల్లలు మధ్యలో మానేస్తారు. ఎందుకు?

మా వీధిలో ఒకావిడ ఉంది. ఆవిడ కుట్టు పని చూస్తే మిషను మీద వేసిందేమో అనుకోవాలి, అంత నీటు. ఏడేళ్ళ కూతురికి చక్కగా నేర్పింది. ఆ పిల్ల తాతగారి పుట్టినరోజుకని తెల్ల రుమాలు మీద కాడకుట్టుతో ఓ పువ్వు కుట్టుకుంది. నాలుగైదు రోజులు కష్టపడింది. కుట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, వెనక దారాలు వేలాడుతున్నాయి. "ఇది ఇచ్చి నవ్వులపాలవుతుందేమో" అని ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక ఆ తల్లి కుట్లన్నీ విప్పి, అదే పువ్వు తను మళ్ళీ కుట్టి పెట్టేసింది. ఏ తల్లయినా మంచికే చేస్తుంది. కానీ పొద్దున లేచి పిల్ల చూసింది. ఒక్క మాట అనలేదు. తాతగారికి ఇస్తూ మాత్రం "అమ్మ కుట్టింది" అని చెప్పింది. ఇప్పుడా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. జాకెట్టుకి హుక్కు ఊడినా తల్లి దగ్గరికే తెస్తుంది. "అప్పట్లో ఎంత ఇష్టంగా చేసేదో" అని ఆవిడే నాతో చెప్పుకుని బాధపడుతుంది.

అందుకని పిల్ల కుట్టిన కుట్టు మీరు విప్పకండి. వంకరగా ఉంటే ఉండనివ్వండి. వెనక్కి తిప్పి చూడకండి. మన పెద్దవాళ్ళు ముందు వెనకవైపే తిప్పి చూస్తారు. పనితనం అక్కడే తెలుస్తుందని వాళ్ళ మాట, నిజమే కూడా, కానీ ఆరేళ్ళ పిల్లకి ఆ పరీక్ష పెట్టకూడదు. అత్తగారో, ఆడపడుచో తిప్పి చూసి "ఇదేంటే, కాకిగూడులా ఉంది" అంటే, పిల్ల ఎదుటే మెల్లగా "ఇప్పుడే నేర్చుకుంటోంది కదండీ" అనెయ్యండి చాలు.

మరి తప్పులు దిద్దొద్దా అంటే, దిద్దాలి. కాకపోతే ఒకసారి కూర్చున్నప్పుడు ఒక్కటే. ఇవాళ దారం బిగించి లాగుతోంది, అదే చెప్పండి. కుట్లు పొడుగయ్యాయన్నది ఎల్లుండి. అదీ కుట్టేసిన చోట కాదు, రాబోయే వరసలో. మీరు కుట్టి చూపించాల్సి వస్తే మీ గుడ్డ మీద చూపించండి, పాప గుడ్డ మీద కాదు. ఒక్కోసారి పిల్లే "ఇది బాలేదు, విప్పేద్దాం" అంటుంది. అప్పుడు సూది చెవితో ఒక్కో కుట్టూ ఎలా లాగాలో చూపించి, దాని చేతే విప్పించండి. తను విప్పుకోవడం వేరు, మనం విప్పడం వేరు.

అబ్బాయికెందుకు అనకండి

అక్క కుడుతుంటే తమ్ముడు కూడా వచ్చి కూర్చుంటాడు. "మగపిల్లాడివి, నీకెందుకురా" అంటాం. మన జాకెట్లకి మగ్గం వర్కు చేసేవాళ్ళలో మగవాళ్ళు ఎంతమంది లేరు? టైలర్ల సంగతి సరేసరి. హాస్టల్లో చేరిన రోజున చొక్కా బొత్తాం ఊడితే ఎవరి కోసం చూస్తాడు? వాడికీ ఒక ఫ్రేము ఇవ్వండి. పువ్వులు వద్దంటే రైలు కుట్టుకుంటాడు.

సూదుల లెక్క గురించి మాత్రం గట్టిగా ఉండండి. పిల్లకి రెండే సూదులు, వాటికో దిండు. మొదలుపెట్టేముందు రెండు, లేచేటప్పుడు రెండు. లెక్క పాపే చెప్పాలి. పాకే పసివాళ్ళున్న ఇంట్లో మంచం మీద, చాప మీద కాకుండా బల్ల దగ్గరే కుట్టించండి. కింద పడితే వెతకడానికి ఫ్రిజ్ తలుపుకి పెట్టే అయస్కాంతం బొమ్మ పనికొస్తుంది. మనలో చాలామందికి సూది పైటకి గుచ్చుకోవడం, దారం కొస నోట్లో పెట్టుకు తడపడం అలవాటు. పిల్లలు చూసింది చేస్తారు గనక ఆ కొద్దిసేపైనా మానండి. కత్తెర మొనలు గుండ్రంగా ఉన్నదివ్వండి. వేలికి గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో కాసేపు నొక్కిపడితే ఆగిపోతుంది. లోతుగా దిగినా, సూది తుప్పుదైనా టెటనస్ ఇంజక్షను సంగతి డాక్టరుని అడగండి.

నాలుగు వారాలయ్యాక ఏదైనా వస్తువు చేయించండి. ఒట్టి గుడ్డముక్కల మీదే కుడుతుంటే ఉత్సాహం తగ్గుతుంది. తాతయ్యకి కళ్ళజోడు సంచి బాగుంటుంది. 9 అంగుళాల చదరం మ్యాటీ క్లాత్ తీసుకుని మధ్యకి మడత గుర్తు పెట్టండి. ఒక సగంలో పాప తన ముగ్గు కుడుతుంది, ఒక మూల తన పేరులో మొదటి అక్షరం, వయసు అంకె కుట్టించండి. కుట్టడం అయ్యాక లోపల మెత్తటి పాతగుడ్డ వేసి, మడిచి, ఒక పొడుగు వైపు, అడుగున మీరు మిషను మీద కుట్టేసి తిప్పండి. మూతి దగ్గర అర అంగుళం లోపలికి మడిచి, ఆ అంచు మాత్రం పాప చేతే ముందుకుట్టుతో కుట్టించండి.

ఇచ్చేముందు చల్లటి నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి ముంచి తీయండి, పిండకండి. టవల్లో పెట్టి నొక్కి, నీడలో ఆరేయండి. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, లావు టర్కీ టవలు మడిచి దాని మీద కుట్టు ఉన్న వైపు కిందికి పెట్టి, సంచి వెనక నుంచి ఇస్త్రీ చెయ్యండి. కుట్లు అణిగిపోకుండా ఉబ్బెత్తుగా నిలబడతాయి.